టమాటా నేలలో అవకాడో: చెట్టు బతుకుతుందా, పిట్టలు వస్తాయా?

నమస్తే తమ్ముడూ. చదివే మిగతావాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్పుకుంటాను. మదనపల్లె పక్కన మీకు అరెకరం ఉంది. పన్నెండేళ్ళు టమాటా పెట్టి ఆపేశారు. అక్కడ నాలుగైదు అవకాడో చెట్లు నాటి, పిట్టలూ తేనెటీగలూ ఉడతలూ తిరిగే తోటగా చేయాలని, అది మీ పిల్లలు చూడాలని మీ కోరిక. గింజ నుంచి మొలిచిన మొక్క ఒకటి కుండీలో ఇప్పటికే ఉంది. నీళ్ళు బోరువి. ఇంట్లో మేకలు, కోళ్ళు, పంజరంలో లవ్‌బర్డ్స్ ఉన్నాయి. ఈలోగా ఎవరో "అవకాడో పిట్టలకు విషం" అనేసరికి టెన్షన్ పట్టుకుంది.

నాది పీలేరు. 22 ఏళ్ళుగా కొడగులో, చెట్టళ్ళి దగ్గర ఒక కాఫీ తోట చూసుకుంటున్నాను. ఇక్కడ కాఫీకి నీడ కోసం పెంచే చెట్లలో అవకాడో కూడా ఒకటి. కన్నడంలో బెణ్ణె హణ్ణు అంటారు, మన వెన్నపండే. నేను నాటినవీ, నా చేతుల్లో చచ్చిపోయినవీ, ఇప్పుడు నిండుగా కాస్తున్నవీ అన్నీ కళ్ళముందే ఉన్నాయి. మీ ఊరి ఎండ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మీ నేల గురించి చెప్పాలి, ఎందుకంటే మీరు ఆ మాట మామూలుగా అనేసి వదిలేశారు. పన్నెండేళ్ళ టమాటా అవకాడోకు చిన్న విషయం కాదు. వెర్టిసిలియం అనే బూజు ఒకటి ఉంది. టమాటా, వంగ, మిరప, బంగాళదుంప, బెండ, వీటన్నిటినీ పడుతుంది. మట్టిలో గట్టి నల్లని పలుకుల్లా మారి, పంట తీసేశాక కూడా ఏళ్ళ తరబడి బతికి ఉంటుంది. అవకాడో వేరు అక్కడికి చేరితే మళ్ళీ లేస్తుంది. నిన్నటిదాకా బాగున్న చెట్టులో ఒక పక్క కొమ్మలు ఉన్నట్టుండి వాడిపోతాయి. ఆకులు ఎండిపోతాయి కానీ రాలవు, నెలల తరబడి గోధుమ రంగులో వేలాడుతుంటాయి. కొన్ని చెట్లు తర్వాత కోలుకుని కొత్త చిగురు వేస్తాయి, చిన్న మొక్కలైతే పోతాయి.

మీ టమాటా మళ్ళలో ఆ తెగులు కచ్చితంగా ఉందని నేననను. కానీ టమాటా పడని మూల ఏదైనా ఉంటే అక్కడే పెట్టండి. కంచె పక్కన, బావి గట్టు మీద, పాత పశువుల పాక ఉన్న చోట, ఇలా ప్రతి పొలంలో కొంత జాగా మిగిలే ఉంటుంది. నాలుగు చెట్లకు అది చాలు. నాటాక ఆ చెట్ల మధ్య వంగా మిరపా బెండా పెట్టకండి. సందుల్లో ఏదైనా పండించాలనుకుంటే పప్పుజాతి మొక్కలు వేయండి.

ఇక అవకాడో వేరు సంగతి. ఈ చెట్టు పెంచాలనుకునేవాళ్ళు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే. మెక్సికో, మధ్య అమెరికాల్లోని తడి కొండ అడవుల్లో పుట్టిన జాతి. అక్కడ నేల మీద ఎప్పుడూ మందంగా ఆకూ అలమూ పరుచుకుని ఉంటుంది. ఆహారం తీసుకునే వేళ్ళు లోపలికి దిగవు, పైనున్న జానెడు మట్టిలోనే అల్లుకుంటాయి. చాలా మొక్కల వేళ్ళకు ఉండే సన్నని నూగు కూడా వీటికి దాదాపు ఉండదు. మట్టికీ ఆకులకూ మధ్య చెమ్మగా ఉండే పొరలోనే వాటి బతుకంతా. ఊపిరాడాలి, తడి ఉండాలి, నీళ్ళు మాత్రం నిలవకూడదు.

నేను మొదట్లో ఇది తెలుసుకోలేదు. మామిడికి చేసినట్టే వీటికీ చేశాను. చుట్టూ పారతో తవ్వి లోతుగా పాదులు కట్టాను, రాలిన ఆకులన్నీ ఊడ్పించి కాల్పించాను. తోట అద్దంలా ఉందని పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. 2018 ఆగస్టులో కొడగులో పడిన వాన మీరు వార్తల్లో చూసే ఉంటారు, కొండలు విరిగిపడ్డాయి. మా పల్లపు చెక్కలో పదకొండు అవకాడో చెట్లుండేవి. పాదుల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. వాన వెలిశాక ఆకులు చిన్నవై, పాలిపోయి, పైకొమ్మలు బోడిగా మారాయి. మట్టి తీసి చూస్తే సన్న వేళ్ళన్నీ నల్లగా కుళ్ళి చేతిలో విరిగిపోయాయి. ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్ళు. ఏడు చెట్లు పోయాయి. అదే తోటలో పైన వాలులో, కాఫీ మొక్కల మధ్య, ఎవరూ ఊడ్వక మోకాలెత్తు ఆకు పేరుకుపోయిన చోట ఉన్న చెట్లు మాత్రం ఒక్కటీ పోలేదు.

వాలులో నీళ్ళు జారిపోవడం ఒక కారణం. ఆకు పరుపు రెండోది. చీకే ఆకులోనూ కొమ్మల్లోనూ పెరిగే మంచి బూజులు, సూక్ష్మజీవులు ఆ చెడ్డ తెగులును అణచిపెడతాయి. ఆస్ట్రేలియా అవకాడో రైతులు దశాబ్దాల నాడే ఇది గమనించి, చెట్ల కింద అడవి నేలలాంటి పరుపు తయారుచేసుకున్నారు. ప్రపంచమంతా తినే హాస్ రకం కథ కూడా ఇక్కడికే వస్తుంది. కాలిఫోర్నియాలోని లా హాబ్రా హైట్స్‌లో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మాన్ పెరట్లో గింజ నుంచి అనుకోకుండా వచ్చిన చెట్టు అది. 1935లో ఆయన దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఈరోజున్న హాస్ చెట్లన్నీ దాని కొమ్మల అంట్లే. ఆ తల్లిచెట్టు వేరుకుళ్ళుతో ఏళ్ళ తరబడి పోరాడి 2002లో చనిపోయింది.

కాబట్టి మీరు పాదు కట్టకండి, దానికి తిరగేసి దిబ్బ కట్టండి. రెండు మూరల ఎత్తున, బారెడు వెడల్పున మట్టి ఎత్తు చేసి దాని నెత్తిన నాటండి. గుంత నిండా పేడ ఎరువు కుక్కవద్దు, కొద్దిగా కలిపితే చాలు. నాటాక చుట్టూ అరడుగు మందాన ఎండాకు, వేరుశెనగ పొట్టు, చిన్న కొమ్మల ముక్కలు, ఏది దొరికితే అది పరచండి. కాండానికి మాత్రం జానెడు దూరం వదలండి, తడి ఆకు మొదలుకు ఆనుకుంటే బెరడు కుళ్ళుతుంది. ఏటా రెండుసార్లు పైన కొత్తది వేస్తూ పోవాలి. చెట్టు పెద్దదయ్యాక అదే రాల్చుకుంటుంది. పూతకొచ్చే రోజుల్లో అవకాడో పాత ఆకులు బాగా వదిలేస్తుంది. వాటిని ఒక్కటి కూడా బయటికి పోనివ్వకండి.

పిట్టలు వస్తాయా అన్న మీ రెండో ప్రశ్నకు కూడా జవాబు ఈ పరుపులోనే దొరుకుతుంది. అవకాడో తోటకు జీవాలు వచ్చేది పండు కోసమని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో పండు చివరిది. మొదటిది ఆ కింద పరుచుకున్న ఆకు, రెండోది పూత, మూడోది ఏడాది పొడుగునా వీడని దట్టమైన నీడ.

ఆకు పరుపును చేత్తో కొంచెం తొలగించి చూడండి. వానపాములు, రోకలిబండలు, చిన్న పేడపురుగులు, సాలీళ్ళు, నలికిరి ఒకటో రెండో ఉంటాయి. వాటి కోసం పెద్ద నల్లంచి పిట్ట పొద్దున్నే దిగుతుంది. మట్టిరంగులో గుంపుగా అరుచుకుంటూ తిరిగే సెవెన్ సిస్టర్స్ పిట్టలు ఒక్కో ఆకునూ తిరగేసుకుంటూ పోతాయి. చలికాలం మొదలయ్యే రోజుల్లో మా తోటకు పొన్నంగి పిట్ట వస్తుంది. ఆకుపచ్చ వీపు, నీలం రెక్క, తోక కింద ఎరుపు. హిమాలయాల దిగువ నుంచి, మధ్య భారతం అడవుల నుంచి దక్షిణానికి వలస వచ్చే పక్షి. నేల మీదే గెంతుతూ, రాలిన ఆకులు ముక్కుతో విసిరి పురుగులు ఏరుకుంటుంది. దాని జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు పిట్టా, అది మన తెలుగు మాటే. ఆ పిట్టకు కావాల్సింది ఊడ్వని నేల. ఆకులు కాల్పించిన రోజుల్లో మా పల్లపు చెక్కలో నేను దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

మీ దగ్గర్లోనే రిషివ్యాలీ స్కూలు ఉంది కదా. ఎండు గుట్టల మధ్య ఆ లోయలో ఏళ్ళ తరబడి చెట్లు పెంచి పక్షుల రక్షిత ప్రాంతంగా నిలబెట్టారు. ఒకసారి పిల్లలను తీసుకెళ్ళి అక్కడి చెట్ల కింద నేల ఎలా ఉందో చూపించండి. మీ అరెకరంలో ఏం జరగాలో వాళ్ళకే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆకు పరుపు ఉన్నచోట ఎలుకలు, కప్పలు ఉంటాయి. అవి ఉన్నచోటికి పాము వస్తుంది. అది కూడా తోట జీవాల్లో ఒకటే కానీ పిల్లలు తిరిగే చోటు కదా. ఇంటి గోడకు ఇరవై అడుగుల లోపల మందంగా ఆకు వేయకండి. చెట్ల కిందికి వెళ్ళేటప్పుడు బూట్లు వేసుకోవాలని, చేయి పెట్టే ముందు కర్రతో కదపాలని పిల్లలకు అలవాటు చేయండి.

ఇప్పుడు పూత. పెద్ద అవకాడో చెట్టు ఒక సీజన్‌లో లక్షల పూలు పూస్తుంది, మంచి చెట్టయితే పది లక్షల దాకా. అందులో కాయగా నిలబడేవి వెయ్యికి ఒకటి కూడా ఉండవు. మిగతాదంతా తేనెటీగలకూ ఈగలకూ పెట్టిన విందే అనుకోండి. పువ్వు చిన్నది, పసుపు కలిసిన ఆకుపచ్చ, దూరం నుంచి చూస్తే పూత అని కూడా తెలియదు. దాని లోపల జరిగేది మాత్రం ఎన్నేళ్ళు చూసినా నాకు తనివి తీరదు. ప్రతి పువ్వూ రెండుసార్లు విచ్చుకుంటుంది. మొదటిసారి ఆడపువ్వుగా విచ్చుకుని, పుప్పొడి అందుకునే కీలాగ్రం మాత్రం చూపిస్తుంది. కొన్ని గంటలకు ముడుచుకుంటుంది. మర్నాడు మళ్ళీ విచ్చుకున్నప్పుడు మగపువ్వు, కేసరాలు నిలబడి పుప్పొడి రాలుస్తుంది.

రకాన్ని బట్టి వేళలు మారతాయి. వీటిని ఇంగ్లీషు అక్షరాలతో A రకం, B రకం అంటారు. A రకం, హాస్ లాంటివి, పొద్దున ఆడగా విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నం మగగా విచ్చుకుంటాయి. B రకం, ఫ్యూయర్టే లాంటివి, మధ్యాహ్నం ఆడగా ఉండి మర్నాడు పొద్దున మగగా మారతాయి. రెండు రకాలూ పక్కపక్కన ఉంటే ఒకదాని పుప్పొడి ఇంకోదానికి సరిగ్గా వేళకు అందుతుంది. ఒంటి చెట్టు అసలు కాయదని కాదు, ఎండా చలీ మారేకొద్దీ వేళలు కలుస్తుంటాయి. కానీ మీరు నాలుగు చెట్లు పెడుతున్నారు కాబట్టి రెండు A, రెండు B తీసుకోండి. నర్సరీలో ఈ మాట అడిగి జవాబు చెప్పగలిగినవాళ్ళ దగ్గరే కొనండి.

ఇక్కడ మా పూత మీదికి తొర్రల్లో పట్టు పెట్టే తేనెటీగలు, కొండతేనె ఈగలు, కుట్టని చిన్న నల్ల తేనెటీగలు వస్తాయి. ఆ చిన్నవాటిని కన్నడంలో ముజంటి అంటారు. అవకాడో పుట్టిన దేశాల్లో ఆ పువ్వుకు పుప్పొడి చేర్చేది కూడా ఎక్కువగా ఇలాంటి కుట్టని తేనెటీగల జాతులే కాబట్టి మన దగ్గర వాటి చుట్టాలు దీన్ని వెంటనే పట్టుకున్నాయి. పూలఈగలు, మెరిసే పచ్చ ఈగలు కూడా తక్కువేం కాదు. మీ మదనపల్లె చుట్టూ మామిడి ఉంది కదా, ఆ పూతకు వచ్చే ఈగలే దీనికీ వస్తాయి. ఈగను చూసి చీదరించుకోకండి, కాయ నిలబెట్టేది అదే.

ఒక చిక్కుంది. అవకాడో మకరందంలో పొటాషియం, ఫాస్ఫరస్ లాంటివి ఎక్కువ, అందుకే మామూలు తేనెటీగలకు అది అంత ఇష్టం కాదు. పక్కన నిమ్మ జాతి పూస్తే అటు పోతాయి. మా దగ్గరైతే పూత కొంచెం ఆలస్యమైన ఏడు, కాఫీ తెల్లగా విచ్చుకున్న రోజున అవకాడో మీద ఈగలు తప్ప ఏమీ కనబడవు. దానికి మందు చుట్టూ పూలు తీసేయడం కాదు. ఏడాది పొడుగునా ఏదో ఒక పువ్వు ఉండేలా చూసుకుంటే తేనెటీగలు అక్కడే కాపురం పెడతాయి, పూత వేళకు దగ్గర్లోనే ఉంటాయి. పూత ఉన్న రోజుల్లో ఏ పురుగుమందూ కొట్టకండి. టమాటా నుంచి వచ్చినవాళ్ళకు ఇది కష్టమైన మాటేనని తెలుసు, పొద్దున లేవగానే స్ప్రేయర్ మీదికి చేయి పోతుంది. మీ చుట్టుపక్కల పొలాల్లో కొడుతుంటే, సాయంత్రం తేనెటీగలు ఇళ్ళకు చేరాక కొట్టమని వాళ్ళను అడగండి.

ఇక పండు. జామకు చిలకలు వాలినట్టు అవకాడోకు వాలవు. కారణం చాలా సూటిగా ఉంటుంది. అవకాడో చెట్టు మీద పండదు. ఎంత ముదిరినా కొమ్మకు ఉన్నంతకాలం రాయిలా ఉండి, కోసిన వారం పది రోజులకు మెత్తబడుతుంది. కాబట్టి చెట్టు మీద పిట్టలకు దొరికేది ఏమీ లేదు. ఉడతలు పళ్ళతో గీరి చూస్తాయి, కొన్ని పాడుచేస్తాయి. కోతులు అవసరానికి మించి తెంపి పారేస్తాయి, మీ దగ్గర కోతులుంటే ఆ నష్టానికి ముందే సిద్ధపడండి. రాలిన కాయ నేల మీద మెత్తబడ్డాక రాత్రి మానుపిల్లి వస్తుంది. పొద్దున్నే తొక్కా గింజా మాత్రం శుభ్రంగా మిగిలి ఉంటాయి.

అంత పెద్ద గింజను మింగి దూరంగా విసర్జించగల జంతువు ఇప్పుడు దాని సొంత దేశంలోనే లేదు. ఒకప్పటి భారీ నేల స్లాత్‌లు అనే జంతువులు, ఏనుగు జాతి గోంఫోథీర్‌లు ఆ పని చేసేవని 1982లో డేనియల్ జాన్‌జెన్, పాల్ మార్టిన్ అనే శాస్త్రజ్ఞులు ఒక ఊహ ముందుకు తెచ్చారు. అవి అంతరించాక ఆ పని మనుషుల చేతికి వచ్చింది.

ఇప్పుడు మీ టెన్షన్ దగ్గరికి. "పిట్టలకు విషం" అన్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు. అవకాడో ఆకులో, బెరడులో, గింజలో, తొక్కలో పెర్సిన్ అనే పదార్థం ఉంటుంది, కండలో కూడా కొంత. మనుషులకు పండుతో ఇబ్బంది లేదు. పంజరం పిట్టలకు మాత్రం ప్రమాదం, చిలకలు, లవ్‌బర్డ్స్, కెనరీలు కొద్దిగా తిన్నా గుండె దెబ్బతిని ఊపిరాడక చనిపోవచ్చు. మీ లవ్‌బర్డ్స్‌కు పండు ముక్క కూడా పెట్టకండి, వాటి పంజరంలో అవకాడో కొమ్మను కూర్చునే కర్రగా కూడా వాడకండి.

నాకు ఇంతకంటే ఎక్కువ భయం మీ మేకల గురించి. మన వైపు ఏ చెట్టు కొమ్మ నరికినా ముందు మేకలకు వేయడం అలవాటు. అవకాడో ఆకు మేకలకు, ఆవులకు, గుర్రాలకు, కుందేళ్ళకు విషం. పాడి మేక తింటే పొదుగు వాచి పాలు పడిపోతాయి. ఎక్కువ తింటే గుండె కండరం పాడై, మెడా గడ్డం కిందా వాపు వచ్చి చనిపోతుంది. కత్తిరించిన కొమ్మలు ఒక్క రోజు కూడా గట్టు మీద వదలకండి, ముక్కలు చేసి ఆ చెట్టు కిందే పరిచేయండి. చెట్ల చుట్టూ మేక దూరని కంచె మొక్క నాటిన రోజే ఉండాలి. కోళ్ళు ఆకు పరుపులో పురుగులు గీరుకుంటే తోటకు మంచిదే, కానీ వేళ్ళు పైకి తేలేంతగా గీరేస్తాయి, పైగా తొక్కలూ గింజలూ పొడుస్తాయి. కాబట్టి కాయలు రాలే నెలల్లో వాటిని అటు వదలకండి. కుక్క ఉంటే గింజ మింగకుండా చూడండి, గొంతులోనో పేగులోనో అడ్డం పడుతుంది.

మరి బయట తిరిగే పిట్టల మాటేమిటి? వాటికి తినడానికి వంద రకాలున్నాయి, అవకాడో మీదే ఆధారపడవు. ఇన్నేళ్ళలో ఆ చెట్ల కింద చచ్చిపడిన పిట్టను నేను చూడలేదు. అయినా పిట్టల కోసమని పండు కోసి పళ్ళెంలో మాత్రం పెట్టను, మీరూ పెట్టకండి. అడవిలో ఈ కుటుంబానికీ పక్షులకూ ఉన్న బంధం వేరు. కోస్టారికాలోని మాంటెవెర్డే మేఘారణ్యంలో కేట్సాల్ అనే పొడవు తోక పచ్చపిట్ట అడవి అవకాడోలను గుటుక్కున మింగి, గింజను తర్వాత కక్కేస్తుంది. అవి మన రేగుపండంత చిన్న కాయలు. ఆ పిట్ట ఏడాది పొడుగునా కొండ ఎక్కి దిగేది చాలావరకు ఆ కాయలు ఎక్కడ పండుతున్నాయో చూసుకునే. మనం నాటే పిడికెడంత కాయకు ఇక్కడ అలాంటి పిట్ట లేదు.

కాబట్టి మీ తోటలో పండు తినే పిట్టలు కావాలంటే ఆ పని మన చెట్లకు అప్పజెప్పాలి. ఒక మేడి చెట్టు ఒక్కటే చాలు, బార్బెట్ పిట్టలు, పిగిలిపిట్టలు, కోకిలలు దాన్ని వదలవు. నేరేడు ఒకటి పెట్టండి. ఈ రెండూ పెద్దవవుతాయి కాబట్టి పడమర, నైరుతి వైపు పెడితే మధ్యాహ్నపు ఎండ నుంచి అవకాడోలకు నీడ కూడా ఇస్తాయి. కరివేపాకు ఎలాగూ ఉంటుంది, నల్లగా తెల్లచుక్కలతో ఎగిరే సీతాకోకచిలుక దాని మీద గుడ్లు పెడుతుంది. వీలైతే ఒక దాల్చినచెక్క మొక్క కూడా. అవకాడో, దాల్చిన, కర్పూరం, ఇవన్నీ ఒకే కుటుంబం. నల్ల రెక్కల మీద నీలి పచ్చ పట్టీ మెరిసే బ్లూబాటిల్ సీతాకోకచిలుకల పిల్లలు ఈ కుటుంబం ఆకులు తింటాయి. ఆస్ట్రేలియాలో వాటి చుట్టాలు అవకాడో లేతాకు మీద కూడా పెరుగుతాయి. చిగురులో నాలుగు ఆకులు కొరికి ఉంటే మందు కోసం పరిగెత్తకుండా, ముందు ఆకు తిప్పి చూడండి.

అవకాడో పిట్టలకు ఇచ్చేది ఇల్లు. ఆకు రాలి బోడిగా నిలబడే కాలం పెద్దగా ఉండదు, ఎండాకాలంలో కూడా లోపల చీకటిగా చల్లగా ఉంటుంది. పిగిలిపిట్టలు, గువ్వలు మా చెట్లలో గూళ్ళు కడతాయి. కుట్టుపిట్టకైతే ఆ వెడల్పాటి లేతాకు చేతికందిన బట్టే, రెండంచులు కలిపి కుట్టేస్తుంది. అందుకే కొమ్మలు కత్తిరించే పని కోత అయిపోయాక, గూళ్ళు వెతికి చూసి మాత్రమే చేయిస్తాను. 2018లో పోయిన ఏడింటిలో దారికి దూరంగా ఉన్న రెండు మొద్దులను నరికించలేదు. కొన్నాళ్ళకు, రోజంతా కుట్రూ కుట్రూ అని కూసే పచ్చ బార్బెట్, ఇక్కడివాళ్ళు కుట్రుహక్కి అంటారు, ఒకదానికి గుండ్రంగా తొర్ర తొలుచుకుంది. ఆ పిట్ట వదిలేశాక పెద్ద నల్లంచి చేరింది.

మీ వాతావరణం గురించి కూడా నిజం చెప్పాలి. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తు, రాయలసీమలో మిగతా ఊళ్ళకంటే చల్లనే. కానీ ఏప్రిల్, మేల్లో పొడి గాలితో వచ్చే ఎండ అవకాడోకు ఎక్కువే. పిందె దశలో వడగాలి తగిలితే రాలిపోతుంది. అందుకే అందరూ హాస్ అంటున్నారని హాస్ మీద పడకండి. చెట్టళ్ళిలోని కేంద్ర ఉద్యాన ప్రయోగ కేంద్రం నుంచి అర్కా సుప్రీం, అర్కా కూర్గ్ రవి అనే రకాలు వచ్చాయి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళది టీకేడీ 1 ఉంది. మన దక్షిణాదిలో చూసి ఎంపిక చేసినవి కాబట్టి ముందు వీటి అంట్లు అడగండి. అంటు మొక్క మూడు నాలుగేళ్ళలో కాపుకొస్తుంది. మీ కుండీలో ఉన్న గింజ మొక్కకు ఆరేడేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు కూడా పట్టవచ్చు, కాయ ఎలా ఉంటుందో ముందే చెప్పలేం. దాన్ని పారేయకండి, నేలలో పెట్టి, పెన్సిల్ మందం వచ్చాక మంచి చెట్టు కొమ్మ తెచ్చి చీలిక అంటు కట్టించండి.

నాటాక మొదటి రెండు వేసవులు పైన 50 శాతం షేడ్ నెట్ ఉండాలి. కాండానికి, ఎండ తగిలే కొమ్మలకు సున్నం పూయండి. బెరడు పలచన, ఎండకు కాలి పగులుతుంది.

అన్నిటికంటే మీ దగ్గర నాకు అనుమానం బోరు నీటి మీద. అవకాడో ఉప్పును అసలు ఓర్చుకోదు. లీటరు నీటిలో క్లోరైడ్ సుమారు 100 మిల్లీగ్రాములు దాటితే ఆకుల కొసలు కాలినట్టు ఎండడం మొదలవుతుంది. నీళ్ళలో సున్నం ఎక్కువై మట్టి క్షారంగా మారితే ఇనుము అందక లేతాకు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మొక్క కొనడానికి ముందే నీళ్ళూ మట్టీ పరీక్షకు ఇవ్వండి. మట్టి పీహెచ్ 7 లోపు ఉంటే మేలు. ఉప్పు ఎక్కువని తేలితే వాన నీళ్ళు పట్టే చిన్న కుంట ఏర్పాటు చేసుకోగలిగితేనే దిగండి. లేదంటే ఆ డబ్బుతో సీతాఫలం, నేరేడు, మేడి పెట్టుకోండి, మీ పిల్లలకు పిట్టలు అప్పుడు కూడా కనబడతాయి. నీళ్ళు బాగున్నాయంటే డ్రిప్ ద్వారా కొంచెం కొంచెంగా, తరచుగా ఇవ్వండి. నెలకోసారి నిండుగా పెడితే పైన పేరుకున్న ఉప్పు కిందికి కడుక్కుపోతుంది. ఆకు పరుపు కింద వేలు పెట్టి చూడండి, మట్టి ముద్ద కడితే ఆ రోజు నీళ్ళు వద్దు.

నాటడానికి జూన్, జులైలో తొలకరి పడ్డాక మంచిది. దిబ్బ మాత్రం నెల ముందే కట్టి ఆకు పరిచి ఉంచండి, మొక్క వచ్చేసరికి లోపల పురుగూ పుట్రా చేరి ఉంటాయి.

పిల్లల కోసం ఇంకొకటి. మొదటి పూత వచ్చిన ఏడు పొద్దున తొమ్మిదింటికి వాళ్ళను చెట్టు దగ్గరికి తీసుకెళ్ళండి. అప్పుడే విచ్చుకున్న ఒక పువ్వు కాడకు ఎర్ర దారం వదులుగా కట్టించండి. మధ్యాహ్నానికి అది ముడుచుకుంటుంది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి చూడమనండి. A రకం చెట్టయితే అదే పువ్వు ఈసారి పుప్పొడితో నిలబడి ఉంటుంది, దాని మీద ఒక ఈగో తేనెటీగో కూడా ఉంటుంది.

నీళ్ళ రిపోర్టు వచ్చాక అందులో అంకెలు నాకు రాయండి, ఏ రకం తీసుకోవాలో అప్పుడు చెబుతాను.